ఒలింపిక్స్ మీద తీసిన పెద్ద డాక్యుమెంటరీల్లో మన పిల్లలకు ఏది చూపించాలి?

వేసవి శిబిరాలు దగ్గరపడితే చాలు, అనంతపురం చుట్టుపక్కల పనిచేసే పీఈటీలు, హాస్టల్ వార్డెన్లు, క్లబ్బు కోచ్‌లు ఇదే అడుగుతుంటారు. "పొద్దున, సాయంత్రం గ్రౌండ్‌లోనే సరిపోతుంది సార్. రాత్రి అన్నాలు తిన్నాక పిల్లోళ్లకు ఒలింపిక్స్ సినిమా ఏదన్నా వేద్దామని ఉంది. ఏది బాగుంటుంది?" ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్ పుణ్యమా అని పల్లెటూరి పిల్లలు కూడా హాకీ, జూడో, టెన్నిస్ నేర్చుకుంటున్న ఊరు మనది. అందుకే ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. దీనికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నటులను పెట్టి తీసిన ఆటగాళ్ల జీవిత కథల సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను. ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆ పోటీల మీద అధికారికంగా ఒక చిత్రం తీయించే ఆనవాయితీ ఎప్పటి నుంచో ఉంది. 1912 స్టాక్‌హోమ్ నుంచి 2012 లండన్ దాకా వచ్చిన 53 చిత్రాలను బాగుచేసి 2017లో ఒకే సెట్టుగా విడుదల చేశారు కూడా. వాటిలో చాలావరకు పోటీ ఫలితాల చిట్టాలే. ఆ క్రీడల మీద ప్రత్యేక ఆసక్తి ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఓపిక ఉండదు. సినిమాగా నిలబడేవి కొన్నే. అవేమో ఒక్కోటి రెండు గంటలు, మూడు గంటలు, ఒకటైతే నాలుగున్నర గంటలు దాటుతుంది. పొద్దున్నే అయిదింటికి లేచే పిల్లలకు ఏది వేస్తున్నామో తెలియకుండా మొదలుపెడితే అరగంటకే సగం మంది నిద్రపోతారు.

ముందే నా ఎంపిక చెప్పేస్తాను. ఒక్కటే వేసే వీలుంటే 1964 టోక్యో పోటీల మీద కొన్ ఇచికావా తీసిన 'టోక్యో ఒలింపియాడ్' వేయండి. జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్తున్న పెద్ద పిల్లలైతే 1984 లాస్ ఏంజెలిస్ మీద బడ్ గ్రీన్‌స్పాన్ తీసిన '16 డేస్ ఆఫ్ గ్లోరీ'ని భాగాలుగా వేయండి. 1936 బెర్లిన్ పోటీల మీద తీసిన 'ఒలింపియా' కళ్లు చెదిరేలా ఉంటుంది. కానీ అది ఆన్ చేసి, పిల్లలను దాని ముందు వదిలేసి మీరు వెళ్లిపోవడానికి వీల్లేదు.

టోక్యో ఎందుకు ముందు

సినిమా మొదలవగానే తెర నిండా సూర్యుడు. ఆ వెంటనే ఒక ఇనుప గుండు వచ్చి పాత భవనాలను కూల్చేస్తుంది. ఆటల కోసం టోక్యోను కొత్తగా కట్టుకుంటున్న రోజులవి, యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఒలింపిక్ జ్యోతి హిరోషిమా మీదుగా వస్తుంది. స్టేడియంలో చివరగా జ్యోతిని వెలిగించిన యోషినోరి సకాయ్ 1945 ఆగస్టు 6న, అంటే హిరోషిమా మీద అణుబాంబు పడిన రోజునే, ఆ ప్రాంతంలోనే పుట్టిన కుర్రాడు. సినిమా వేసే ముందు ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత అతను మెట్లెక్కుతుంటే హాల్లో చప్పుడు ఉండదు.

ఇచికావా చూపు గెలిచినవాళ్ల దగ్గరే ఆగదు. చాద్ దేశం నుంచి వచ్చిన అహ్మద్ ఇసా అనే 800 మీటర్ల రన్నర్ వెంట కెమెరా చాలాసేపు తిరుగుతుంది. చాద్‌కు స్వాతంత్య్రం వచ్చింది 1960లో. అంటే దేశం కంటే ఆ కుర్రాడే వయసులో పెద్ద. భాష తెలియని ఊళ్లో ఒక్కడే తింటాడు, ఒక్కడే తిరుగుతాడు, సెమీఫైనల్లో వెనుదిరుగుతాడు. రాయదుర్గం నుంచో కళ్యాణదుర్గం నుంచో మొట్టమొదటిసారి రాష్ట్ర పోటీలకని విజయవాడ బస్సెక్కిన పిల్లకు ఈ భాగంలో మనం విప్పి చెప్పాల్సింది ఏమీ ఉండదు.

అమ్మాయిల వాలీబాల్ ఫైనల్ మరో చోటు. జపాన్ జట్టు సోవియట్ జట్టును ఓడిస్తుంది. అమ్మాయిలంతా ఏడుస్తుంటే కెమెరా కోచ్ హిరోబుమి దైమత్సు కోసం వెతుకుతుంది. కఠినమైన ప్రాక్టీసుకు పేరుపడ్డ మనిషాయన. ఒంటరిగా ఒక పక్కన ఉండిపోతాడు, ముఖంలో సంబరం కనిపించదు. మా దగ్గర వేసినప్పుడు హాకీ ఆడే పిల్ల ఒకతి "ఆయప్ప గెల్చినాడు గదా సార్, అట్ల ఎందుకుండాడు?" అంది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పిల్ల "రేప్పొద్దున లేసి ఏం జేయాలని ఆలోచన జేస్తాండాడు" అని చెప్పేసింది. అంతకంటే బాగా నేను చెప్పలేను. సినిమా ఆపి మాట్లాడుకోవాల్సిన చోటు అది.

చివర్లో వచ్చే మారథాన్ కోసమే ఈ సినిమా చూడొచ్చు. 1960 రోమ్‌లో వట్టి కాళ్లతో పరుగెత్తి గెలిచిన ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా, ఈసారి బూట్లేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో ప్రపంచ రికార్డుతో మళ్లీ గెలుస్తాడు. పోటీకి కొన్ని వారాల ముందే ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన ఆ ముఖం తెరంతా నిండిపోతుంది, జారుతున్న చెమట చుక్క కూడా కనిపిస్తుంది. అలసట మాత్రం ఎక్కడా కనిపించదు. ఆయన వెనకాల పడి వచ్చేవాళ్లను కూడా ఇచికావా వదలడు. నీళ్ల బల్లల దగ్గర ఆగి గ్లాసు మీద గ్లాసు తాగేవాళ్లు, కాళ్లు పుళ్లు పడి ఇక చాలని కూర్చుండిపోయినవాళ్లు, అందరూ ఉంటారు. మన ఎండల్లో దూరాలు పరుగెత్తే పిల్లలను ఈ నీళ్ల బల్లల దగ్గర ఎవరెలా తాగుతున్నారో గమనించమనండి. మర్నాడు పొద్దున ట్రాక్ మీద దాని గురించి మాట్లాడటానికి బోలెడంత ఉంటుంది.

అదే పరుగులో స్టేడియంలోకి రెండోవాడుగా వచ్చిన జపాన్ రన్నర్ కొకిచి సుబురాయాను ఆఖర్లో బ్రిటన్ రన్నర్ బేసిల్ హీట్లీ దాటేస్తాడు. సొంత జనం కళ్లముందే రజతం పోయి కాంస్యం మిగులుతుంది. ఆ భారం మోసిన సుబురాయా 1968 జనవరిలో ప్రాణం తీసుకున్నాడు. అది సినిమా తర్వాతి కథ, చిన్నపిల్లలకు చెప్పాల్సిన పనిలేదు. కోచ్‌లకు మాత్రం తెలిసి ఉండాలి. ఓడి వచ్చిన బిడ్డతో ఆ సాయంత్రం ఏం మాట్లాడుతున్నామన్నది చిన్న విషయం కాదు.

ఈ సినిమాతో ఇబ్బందులూ ఉన్నాయి. ఎవరు ఏ పతకం గెలిచారో వరసగా తెలుసుకోవాలనుకుంటే ఇది పనికిరాదు. పూర్తయిన సినిమా చూసి జపాన్ ఒలింపిక్స్ మంత్రి ఇచిరో కోనో కూడా ఇది పోటీల రికార్డులా లేదని విమర్శించాడు. 1964లో మన హాకీ జట్టు ఫైనల్లో మొహిందర్ లాల్ గోల్‌తో పాకిస్తాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. దానికోసమే కూర్చుంటే నిరాశ తప్పదు, ఇందులో అది పెద్ద ఘట్టం కాదు. ఇంకో జాగ్రత్త: అమెరికాలో దీన్ని దాదాపు సగానికి కోసి విడుదల చేశారు. మీ చేతికొచ్చిన కాపీ నిడివి 170 నిమిషాల దరిదాపుల్లో ఉందో లేదో చూసుకోండి. గంటన్నరకే అయిపోతుందంటే అది ఇచికావా సినిమా అనిపించుకోదు.

బెర్లిన్: గొప్ప పనితనం, మురికి డబ్బు

'ఒలింపియా' రెండు భాగాలు, కలిపి మూడున్నర గంటల పైమాటే. 1936 ఆగస్టులో పోటీలు జరిగితే సినిమా విడుదలైంది 1938 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున. తీసిన లెనీ రీఫెన్‌స్టాల్‌కు డబ్బు వచ్చింది నాజీ ప్రభుత్వం నుంచి. ఈ మాట సినిమా మొదట్లో ఎక్కడా రాసి ఉండదు, మీరే చెప్పాలి. జర్మనీలో హైజంప్‌లో అందరికంటే ముందున్నవాళ్లలో ఒకరైన గ్రెటెల్ బెర్గ్‌మన్‌ను యూదురాలన్న కారణంతో జట్టులోంచి తీసేశారని కూడా చెప్పాలి.

ఇంత చెప్పి మరి ఎందుకు చూపించాలంటే, ఇవాళ టీవీలో మనం చూసే క్రీడా ప్రసారాల్లో చాలా పద్ధతులకు పునాది అక్కడుంది. జంపర్లు ఆకాశం మీద ఎగురుతున్నట్టు కనిపించాలని గ్రౌండ్‌లో గుంతలు తవ్వి అందులోంచి తీశారు. డైవింగ్ కోసం నీళ్లలోపల కెమెరా పెట్టారు. రెండో భాగం చివర్లో డైవర్లు ఒకరి తర్వాత ఒకరు గాల్లో తేలుతుంటే కాసేపటికి ఎవరు ఏ దేశమో మరిచిపోతాం. పోల్‌వాల్ట్ పోటీ చీకటి పడేదాకా సాగితే, కావలసిన దృశ్యాల కోసం ఆటగాళ్లతో మర్నాడు మళ్లీ ఎగిరించి తీసుకున్నారు. డాక్యుమెంటరీ అంటే జరిగింది జరిగినట్టే ఉంటుందని నమ్మే పిల్లలకు ఇది చెప్పి తీరాలి.

జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచింది ఈ పోటీల్లోనే. తెల్లజాతే గొప్పదని ప్రచారం చేసుకున్న ప్రభుత్వం డబ్బుతో తీసిన సినిమాలో ఒక నల్లజాతి ఆటగాడు అంత అందంగా కనిపించడం చూసి తీరాల్సిందే. మారథాన్ గెలిచిన సోన్ కీ-చుంగ్ కొరియావాడు. అప్పుడు కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది కాబట్టి జపాన్ పేరుతో, జపాన్ జెండా కింద పరుగెత్తాడు. పతకం తీసుకునేటప్పుడు తల ఎత్తలేదు. ఆయనే 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి వచ్చాడు. మన ధ్యాన్‌చంద్ జట్టు కూడా బెర్లిన్‌లో ఆడింది బ్రిటిష్ ఇండియా జెండా కిందే. ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించింది 1936 ఆగస్టు 15న. పదకొండేళ్లకు అదే తేదీ మనకు ఏమైందో పిల్లలే చెబుతారు.

కాబట్టి పదో తరగతి దాటినవాళ్లకు, ఎస్కే యూనివర్సిటీ లాంటి చోట చరిత్రో జర్నలిజమో చదివేవాళ్లకు ఇది తప్పక వేయండి. ముందు పావుగంట, తర్వాత అరగంట మాట్లాడే మనిషి ఉండాలి. అలాంటి మనిషి దొరకకపోతే ఈ సినిమా ఆ ఏడాదికి పక్కన పెట్టండి. చిన్నపిల్లలకైతే డైవింగ్ భాగం ఒక్కటే చాలు.

లాస్ ఏంజెలిస్: పోటీలకు వెళ్లే పిల్లల సినిమా

గ్రీన్‌స్పాన్ పద్ధతే వేరు. ఒక ఆటగాడిని తీసుకుంటాడు, ఎక్కడి నుంచి వచ్చాడో చెబుతాడు, పోటీ చూపిస్తాడు, అయిపోయాక అతన్నే కూర్చోబెట్టి అడుగుతాడు. నాలుగున్నర గంటలు దాటిన ఈ చిత్రం అలాంటి కథల దండ. సినిమాగా చూస్తే ఇచికావాతో పోల్చడానికి లేదు. ఆటగాళ్లకు పనికొచ్చే విషయంలో మాత్రం నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

జూడో నేర్చుకునే పిల్లలు ఉన్నచోట జపాన్‌కు చెందిన యసుహిరో యమషితా భాగం వేయండి. ముందు బౌట్‌లో పిక్క కండరం దెబ్బతిని కుంటుతూనే ఫైనల్‌కు వచ్చి ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ రష్వాన్‌ను ఓడిస్తాడు. పతకాల దిమ్మె ఎక్కడానికి ఇబ్బంది పడుతుంటే చెయ్యి అందించింది ఓడిన రష్వానే. ఇంకొక కథ బ్రిటన్ రన్నర్ డేవ్ మూర్‌క్రాఫ్ట్‌ది. 1982లో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు సాధించిన మనిషి, రెండేళ్ల తర్వాత ఒలింపిక్ ఫైనల్లో శరీరం సహకరించక అందరికంటే వెనక పరుగెత్తుతాడు. ముందున్న మొరాకో రన్నర్ సయీద్ అవితా తనను పూర్తి రౌండు దాటకుండా ఉంటే చాలు, అదే అతని పోటీ అయిపోతుంది. గాయంతో సీజన్ పోగొట్టుకున్న పిల్లలు ఈ భాగాన్ని మళ్లీ వేయమని అడుగుతారు.

ఇదే పోటీల్లో మన పీటీ ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. ఆమె కథ ఈ సినిమాకు కేంద్రం కాదు. ఉష గురించి మీరే చెప్పి, ఆ తర్వాత మూర్‌క్రాఫ్ట్ భాగం పెడితే పిల్లలకు ఆ పోటీలు పరాయివిగా అనిపించవు.

దీనితో చిక్కు భాష. మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లిష్ వ్యాఖ్యానమే. తెలుగు మీడియం పిల్లలకు ఒక్కో కథకు ముందు విషయం చెప్పి, మధ్యలో రెండు మూడుసార్లు ఆపాలి. టోక్యో సినిమాలోనూ జపనీస్ మాటలు, కింద ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. కానీ దానికి మాటతో పని చాలా తక్కువ. ముఖాలు, కాళ్లు, చేతులే కథంతా చెప్పేస్తాయి. నేను దాన్ని ముందు పెట్టడానికి ఇది పెద్ద కారణం.

మిగతా రెండు

1972 మ్యూనిక్ మీద ఎనిమిది మంది దర్శకులు తలా ఒక ముక్క తీసిన 'విజన్స్ ఆఫ్ ఎయిట్' రెండు గంటల లోపే అయిపోతుంది. ఇందులో వంద మీటర్ల పరుగు తీసింది మళ్లీ ఇచికావానే. వెయిట్‌లిఫ్టర్ల మీద స్వీడన్ దర్శకురాలు మై జెటర్లింగ్ తీసిన భాగం నాకు చాలా ఇష్టం. కరణం మల్లీశ్వరి పతకం గురించి విని పెరిగిన పిల్లలు దాన్ని వేరేగా చూస్తారు. అయితే ఆ పోటీల్లో 11 మంది ఇజ్రాయెల్ ఆటగాళ్లు, కోచ్‌లు ఉగ్రవాదుల చేతిలో చనిపోయారు. ఒక్క జాన్ ష్లెసింజర్ భాగం తప్ప మిగతా సినిమా దాన్ని ముట్టుకోదు, అది నాకు మింగుడుపడదు. సినిమా తీయడం నేర్చుకునేవాళ్లకు మంచి పాఠం, క్యాంపు పిల్లలకు రెండో వరస.

2021లో కరోనా మధ్య ఖాళీ స్టేడియాల్లో జరిగిన టోక్యో పోటీల మీద నవోమి కవాసే రెండు సినిమాలు తీసింది. ఒకటి ఆటగాళ్ల మీద, ఇంకొకటి తెర వెనక పనిచేసినవాళ్ల మీద. నీరజ్ చోప్రా స్వర్ణం, సింధు కాంస్యం చూపిస్తారని ఆశపడి వేయకండి. తల్లులైన క్రీడాకారిణుల గురించి మాట్లాడే మొదటి సినిమాను మాత్రం అమ్మాయిల తల్లిదండ్రులను పిలిచిన రోజు వేస్తే బాగుంటుంది. పెళ్లయితే ఆట మానేయాలా అన్న మాట మన ఇళ్లలో ఇంకా నలుగుతూనే ఉంది కదా.

వేసేటప్పుడు

ఒలింపిక్స్ అధికారిక వెబ్‌సైట్‌లో పాత చిత్రాలు చాలా ఉచితంగానే పెడుతుంటారు. అక్కడ ఏది ఎప్పుడు ఉంటుందో మారుతుంటుంది కాబట్టి వారం ముందే వెతుక్కోండి. టికెట్టు పెట్టి వేసే ఆలోచన ఉంటే మాత్రం హక్కుదారుల అనుమతి అడగాలి.

మే నెలలో మన దగ్గర ఏడున్నర దాటితే గానీ తెర మీద బొమ్మ సరిగా కనపడదు. 'ఒలింపియా' నలుపు తెలుపు సినిమా, చీకటి బాగా పడకముందే మొదలుపెడితే ముఖాలన్నీ బూడిద రంగులో కలిసిపోతాయి. జూన్ వస్తే గాలి మొదలవుతుంది, గ్రౌండ్‌లో దుప్పటి కట్టి వేస్తే తెర కొట్టుకుంటూనే ఉంటుంది. మెస్ హాల్లో సున్నం వేసిన గోడే మేలు. టోక్యో చిత్రం బాగా వెడల్పాటి బొమ్మ, గోడ వెడల్పు చాలకపోతే సన్నటి పట్టీలా మిగులుతుంది. ప్రొజెక్టర్ వెనక్కి జరపడానికి చోటుందో లేదో పగలే చూసుకోండి. కరెంటు పోతే ఎక్కడ ఆగామో తెలిసేలా నిమిషాలు కాగితం మీద రాస్తూ ఉండండి.

టోక్యోను ఒకే రాత్రి వేయొద్దు. మొదటి రాత్రి ప్రారంభోత్సవం, వంద మీటర్లు, జంపులు, త్రోలు. రెండో రాత్రి ఇసా, వాలీబాల్, మారథాన్. ఆరేడు తరగతుల పిల్లలే ఉన్న శిబిరమైతే జ్యోతి వెలిగించే భాగం, మారథాన్ భాగం ఈ రెండూ వేసి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి. గ్రీన్‌స్పాన్ చిత్రాన్ని రోజుకొక కథ చొప్పున, ఆ ఆట ఆడే పిల్లల చేతే ముందు రెండు మాటలు చెప్పించి వేస్తే పది రోజుల శిబిరానికి సరిపోయి ఇంకా మిగులుతుంది.